సింగిడిలో నల్లబాయి వాడ

నమోదు 1

గనిలో పొద్దు దీపాలు వెలగగానే, ఇంట్లోకి గాలి వచ్చే గాలిమూతికి దుమ్ము ఆపడానికి కట్టిన గుడ్డ విప్పి, ఉతికి ఆరేశాను. టీ ఇంకా పొయ్యి మీద ఉండగానే అధ్యక్షురాలు శకుంతల మేడమ్ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. తాగకుండానే పరుగెత్తాను. ఈ మొదటి నమోదులో చిరాకు కనిపిస్తే అది టీ లేని చిరాకు అనుకోండి.

గనిలో ఇంటింటికీ గాలి పంపే మా గాలి సంఘంలో రెండు యంత్రాలున్నాయి. ఒకటి చుట్టం. అది నాది. ఏ ఇంటివాళ్ళు సంఘానికి ఫోన్ చేసినా చుట్టమే ఎత్తుతుంది, మాట్లాడుతుంది, ఎందుకు చేశారో ఒక్క ముక్కలో రాసి దాచుకుంటుంది. నేను వినే గదిలో కూర్చుని, ఫిర్యాదు అని రాసినవన్నీ మళ్ళీ విని, పైవాళ్ళకి పంపుతాను. రెండోది సింగిడి, అంటే హరివిల్లు. దాని యజమాని మొగిలి. ఏ లెక్క ఇచ్చినా సింగిడి దాన్ని గోడ మీద రంగుల బొమ్మగా గీసి చూపిస్తుంది. ఇన్నాళ్ళూ పంకాల లెక్కలు, గొట్టాల లెక్కలు గీసింది. మనుషుల మాటలు దాని గడప తొక్కలేదు.

"సర్వసభ్య సమావేశం దగ్గరికొస్తున్నది భూలక్ష్మీ," అన్నారు మేడమ్. "ఈసారి ఎవరి గొంతు పెద్దగుంటే వాళ్ళదే గెలుపు అంటే కుదరదు. ఎవరికెంత కష్టమున్నదో గోడ మీద కనపడాలె. నీ చుట్టంల ఉన్నదంత సింగిడిల గీయాలె. నువ్వూ మొగిలీ కల్సి చెయ్యుండ్రి."

"మొగిలితోనా మేడమ్?"

"మొగిలితోనే. కొట్టుకోకుండ్రి."

తొందర ఎందుకో అందరికీ తెలిసిందే. పైన ఎండలకు తాళలేక ఇంకా కుటుంబాలు మేముండే ఈ పాత బొగ్గు గనిలోకి దిగుతూనే ఉన్నాయి. వాళ్ళుండే కొత్తబస్తీకి గాలి చాలడం లేదు. కొత్త పంకా పోత పోయడానికి ఇనుము లేదు. అందుకని ఏదో ఒక వాడలోని పంకా విప్పి కొత్తబస్తీలో బిగించాలి. కష్టం తక్కువగా ఉన్న వాడ పంకా పోతుంది. గోడ మీద బొమ్మ చూసి సభ్యులు చేతులెత్తుతారు.

నమోదు 2

మొగిలితో పనిచేయడం అంటే చెవిలో జోరీగతో కాపురం చేయడమే. వాము నములుతూ ఆపకుండా మాట్లాడతాడు. పైగా తన సింగిడి అత్తింటికి పోతున్న పిల్ల అయినట్టు, నా చుట్టం కట్నం అడుగుతున్న మగపెళ్ళివారు అయినట్టు ప్రతిదానికీ అనుమానమే.

"అక్కా, నీ చుట్టానికి ఇండ్ల నంబర్లు ఎందుకు తెల్వయ్?"

"మనుషులు నంబర్లు చెప్పరు తమ్మీ. ఓదెలు ఇల్లు అంటరు, శంకరి ఇల్లు అంటరు, మూలిల్లు అంటరు."

"మూలిల్లా? గనిల ఎన్ని మూలలున్నయో నీకెరికనా? మలిగినకాడల్లా మూలిల్లే గద!"

అతని మాట నిజమే. చుట్టం ఇళ్ళను మనుషులు పిలుచుకునే పేర్లతో గుర్తు పెట్టుకుంటుంది. సింగిడికి గాలి గొట్టం నంబరు తప్ప ఇంకేదీ తెలియదు. ఒక ఇల్లు చుట్టంలో మొగుడి పేరుతో ఒకసారి, పెళ్ళాం పేరుతో ఒకసారి, చచ్చిపోయిన మామ పేరుతో ఒకసారి ఉంది. సింగిడి ఆ ముగ్గుర్నీ తీసుకుని మూడు ఇళ్ళు గీసింది. ఒకటైతే గోడలోకి కట్టేసి మరీ గీసింది. మొగిలి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

దారి నాకే దొరికింది, ఇది గట్టిగా రాస్తున్నాను. ఫోను తీగ, గాలి గొట్టం రెండూ ఒకే కంతలోంచి ఇంట్లోకి వస్తాయి. గుడ్డ విప్పడానికి రోజూ ఆ కంత దగ్గరే నిలబడతాను, కళ్ళెదుటే ఉంది. చుట్టానికి ఏ ఫోను తీగ మీద మాట వచ్చిందో తెలుసు. తీగల వాళ్ళ దగ్గర ఏ తీగ ఏ గొట్టం పక్కన పోతుందో ఉంది. ఇక పేర్లతో పనేముంది? తీగను బట్టి గొట్టం, గొట్టాన్ని బట్టి ఇల్లు.

మొగిలి వాము నమలడం ఆపాడు. "ఇది నాకెందుకు తట్టలే?"

"నీకు నోరు ఆడుతుంటది గదా, బుర్రకు సందు దొరకది."

ఆ దెబ్బకు చచ్చిపోయిన మామలందరూ సింగిడిలోంచి మర్యాదగా తప్పుకున్నారు.

నమోదు 3

కలిశాయి! చుట్టం చెప్పింది, సింగిడి గీసింది. గోడ నిండా మా గని మొత్తం చుక్కలుగా వెలిగింది. బాధ ఉన్న ఇల్లు ఎరుపు, బాగున్న ఇల్లు పచ్చ. ఫోన్ వచ్చిన క్షణంలో ఆ ఇంటి చుక్క మినుక్కుమంటుంది. నేను కావాలని మా ఇంటి నుంచి ఫోన్ చేయించి గాలి లేదని అబద్ధం చెప్పించాను. మా ఇల్లు ఎర్రబడింది. పిచ్చి సంతోషం వేసింది. మొగిలి మిర్చి బజ్జీలు తెప్పించాడు, డబ్బులు కూడా తనే ఇచ్చాడు.

మేడమ్ వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. కొత్తబస్తీ నిప్పుల కుంపటిలా ఉంది. కింద, గని అడుగున నల్లబాయి వాడ మాత్రం ఈ చివర నుంచి ఆ చివరదాకా నిండు పచ్చ. ఒక్క ఎర్ర చుక్క లేదు.

"నల్లబాయికి రెండు పంకాలు గద," అన్నారు మేడమ్. "ఒకటి తీసినా ఏం కాదు. బొమ్మ చెప్తనే ఉన్నది."

నేను పుట్టి పెరిగింది నల్లబాయిలోనే. అన్న ఓదెలు, వదిన సారవ్వ, వాళ్ళ బిడ్డ జమున ఇప్పటికీ అక్కడే ఉంటారు. మా వాడ ఇంత చల్లగా ఉందని చూసి గర్వంగానే అనిపించింది. బజ్జీ ఇంకోటి తీసుకున్నాను.

నమోదు 4

పుట్టగొడుగులు కొనుక్కుని నల్లబాయికి దిగాను. పంకా పోతుందన్న సంగతి ఇంటివాళ్ళకి నేనే చెబితే బాగుంటుందనుకున్నాను.

జమున చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి "అత్తా" అంది, లేవలేదు. ఈ పిల్ల నేను మెట్లు దిగుతుంటేనే ఎదురొచ్చి నా సంచి లాక్కునే పిల్ల. పెదవులు పాలిపోయి ఉన్నాయి. నిద్రొస్తుందేమో అనుకున్నాను.

సారవ్వ పీట వేసింది. "మంచిగున్నవా భూలచ్చీ? తిన్నవా? మోకాలు నొప్పి తగ్గిందా? మీ వినే గదిల ఆ కొత్త పిల్ల కుదురుకున్నదా? మొగిలి పెండ్లి చేసుకుంటడా, గట్లనే ఉంటడా?" నేను అన్నిటికీ జవాబు చెప్పాను. టీ తాగాం. అన్న పనిలో ఉన్నాడని చెప్పింది. పొరుగింటి గొడవ చెప్పింది. నేను లేచి, చెప్పులు వేసుకుని, గడప దాటాక, సారవ్వ తలుపు పట్టుకుని నిలబడి అసలు మాట చెప్పింది.

"ఆఁ, మల్ల మర్సిపోత. గాలి జర సన్నగొస్తున్నది. పొల్ల పొద్దంత పండుకునే ఉంటున్నది. పది అడుగులేస్తె ఆయాసం. వైద్యురాలు గాలే మందు అంటున్నది. నువ్వు పనిల ఉంటవని చెప్తలేను గని."

నేను గడప బయటే ఆగిపోయాను. గాలిమూతి దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాను. దూది పింజ కూడా కదలనంత సన్నగా వస్తోంది.

"మరి సంఘానికి ఫోన్ చెయ్యలేదా వదినా?"

"చెయ్యకేం? మస్తుసార్లు చేసిన. అందరం చేసినం. నీ చుట్టం మంచిగనే మాట్లాడ్తది. కని దానికి జర తొందరెక్కువ."

అప్పుడు నాకు వెలిగింది. నల్లబాయిలో ఎవరూ మొహం మీదే కష్టం చెప్పుకోరు. బొగ్గు తవ్విన కాలం నుంచీ ఇక్కడ అదే పద్ధతి. ముందు ఎదుటి మనిషిని, వాళ్ళ ఇంటిల్లిపాదినీ పలకరించాలి. సెలవు తీసుకోవాలి. ఆ తర్వాత, వెళుతూ వెళుతూ, గడపలో నిలబడి తమ మాట చెప్పుకోవాలి. రాగానే నాకిది కావాలి అని అడిగేవాణ్ణి ఇక్కడ మనిషిగా చూడరు. ఈ మర్యాద నాకు పాలతో పాటే వచ్చింది. చుట్టానికి ఎవరు నేర్పారు?

నమోదు 5

రాయలేదు. కోపంగా ఉన్నాను.

నమోదు 6

ఇవాళ సారవ్వ చేసిన ఫోన్ తీసి విన్నాను. ఫిర్యాదు అని రాయనిది కాబట్టి ఇదివరకు అది నా చెవిదాకా రానేలేదు. చుట్టం దాని పక్కన ఇలా రాసుకుంది: కుశల ప్రశ్నలు. సమస్య లేదు. సంతృప్తి.

ఉన్నది ఇదీ:

"హలో, చుట్టమా? మంచిగున్నవా అవ్వా? మా భూలచ్చి మంచిగున్నదా? మేడమ్‌కు పానం బాగలేదంటిరి, ఎట్లున్నది? అందరు తిన్నరా?"

"అందరం బాగున్నాం సారవ్వ గారూ. మీకు ఏమైనా సహాయం కావాలా?"

"నాకేం గావాలె బిడ్డా, మీరు సల్లగుంటే సాలు. ఉంట మరి."

అంతే. 'ఉంట మరి' అనగానే చుట్టం మాట ముగిసిందని రాసేసి, సంతృప్తి అని పెట్టేసి తప్పుకుంది. నేను ఏడ్చాను. మొగిలి చూశాడు, చూడనట్టు గోడ వైపు తిరిగాడు. మంచివాడే.

కాసేపటికి అతనే అన్నాడు. "అక్కా, నీ చుట్టం తప్పుకుంటది సరే. కని తీగ తెగది గద? అవతల మనిషి ఫోన్ పెట్టేదాంక తీగల మాట పోతనే ఉంటది. ఆ మాట ఏమైతది?"

నేను కళ్ళు తుడుచుకుని లేచాను. చుట్టం మాట ముగిసిందని రాశాక వచ్చే చప్పుళ్ళన్నీ తునకల అర అనే చోట పడిపోతాయి. దగ్గులు, గిన్నెల శబ్దాలు, పిల్లల ఏడుపులు ఉంటాయని ఎవరూ దాని మొహం చూడరు. సారవ్వ తునక అక్కడే ఉంది. దాని పొడవు చూస్తే అసలు మాటకంటే పెద్దది. నల్లబాయి నుంచి వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక తోక ఉంది. కొత్తబస్తీ ఫోన్లకు తోకలే లేవు.

తెరవబోయాను. తెరుచుకోలేదు. తునకలు ఇంటివాళ్ళ సొంతం, వాళ్ళు వేలిముద్ర వేసి ఒప్పుకుంటే తప్ప వినకూడదని సంఘం నియమం.

నమోదు 7

"నల్లబాయి మొత్తం ఎర్రగ పూసేద్దమా?" అన్నాడు మొగిలి. "కష్టమున్నది నిజమే గద. నేను ఒక్క మీట నొక్కితే అయిపోతది."

నిజం చెబుతున్నాను, నోరూరింది. జమున మొహం కళ్ళ ముందు ఉంది. కానీ ఇవాళ నేను నా వాడ కోసం పూస్తే రేపు ఇంకొకరు తమ వాడ కోసం పూస్తారు. ఆ పైన గోడను ఎవరు నమ్ముతారు? వద్దన్నాను. వద్దన్నాక కూడా చాలాసేపు ఆ మీట వైపే చూశాను.

మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆమె అంతా విన్నారు. "నీ మాట నమ్ముత భూలక్ష్మీ. కని నా నమ్మకం గోడ మీద కనపడది. తునకలు ముట్టాలంటే ఇంటింటి ఒప్పుదల తీస్కరా. సమావేశం మాత్రం ఆపను. కొత్తబస్తీల పిల్లలు లేరా?"

ఉన్నారు. అదే కదా బాధ. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు సందు దొరకలేదు.

నమోదు 8

నల్లబాయి ఇంటింటికీ తిరిగాం. మొదటి ఇంటికి నాకంటే ముందు మొగిలి వెళ్ళాడు, పైవాడల మనిషి కదా. తలుపు తీయగానే, "అమ్మా, మీ ఫోన్ తునకలు వినాలె, ఇక్కడ వేలు పెట్టండి" అన్నాడు. ఆ ఇల్లాలు అతన్ని కింద నుంచి పైదాకా చూసి, తలుపు వేసేసింది.

"నేనేం తప్పన్న అక్కా?"

"నువ్వు ఏం అనలేదు తమ్మీ. అదే తప్పు. నా ఎన్క రా, నోరు మూసుకో, టీ ఇస్తె తాగు."

ఆ తర్వాత నేను వాడ పద్ధతిలోనే పోయాను. ప్రతి ఇంట్లో కూర్చున్నాం. పంట దీపాల కింద జొన్న ఎలా ఉందో అడిగాను, ఎవరి నడుం నొప్పి ఎలా ఉందో అడిగాను, పోయినవాళ్ళను తలుచుకున్నాను. సెలవు తీసుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. గడపలో నిలబడి, "ఆఁ, మల్ల మర్సిపోత" అని మొదలుపెట్టాను. ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. తలుపు వేసిన ఆ మొదటి ఇల్లాలు కూడా వేలు పెట్టింది, మొగిలికి రెండో గ్లాసు టీ పోసింది.

చివరి ఇళ్ళకు వచ్చేసరికి మొగిలి తానే పలకరించడం మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి మేకల గురించి ఎంతసేపు అడిగాడంటే, అసలు మాట నేను గుర్తు చేయాల్సి వచ్చింది. టీలు తాగి తాగి ఇద్దరికీ కడుపులు ఉబ్బాయి. ఇంత ఆనందంగా ఉబ్బడం ఎప్పుడూ లేదు.

నమోదు 9

తునకల అర తెరుచుకుంది. చుట్టంలో ఒక మార్పు చేశాం. 'ఉంట మరి' విన్నాక కూడా మాట ముగిసిందని రాయకూడదు, మనిషి ఫోన్ పెట్టేదాకా వినాలి, ఎందుకు ఫోన్ చేశారన్నది ఆ చివరి మాటను బట్టే రాయాలి. పాత తునకలన్నిటినీ అదే దారిలో మళ్ళీ నడిపించి, సింగిడికి ఇచ్చాం.

గోడ మీద నల్లబాయి ఒక్కొక్క చుక్కే రంగు మారింది. తునకల్లో గొంతులు వినిపిస్తున్నాయి. "జర గాలి తక్కువున్నది బిడ్డా, తొందరేం లేదు." "మీకు వీలైనప్పుడు సూడుండ్రి." "మా ముసలాయన రాత్రంత కూసునే ఉంటుండు, గంతే." ఇంత ఊపిరాడని మనుషులు ఇంత మెల్లగా ఎలా మాట్లాడారు?

అప్పుడు మొగిలి గోడకు మొహం ఆనించినంత దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఇటు సూడు. వాడంత ఎరుపు కాలే."

నిజమే. గొట్టం పైనుంచి కిందికి దిగేటప్పుడు పాత లిఫ్టు మలుపు దగ్గర వంపు తిరుగుతుంది. మలుపుకు పైనున్న నల్లబాయి ఇళ్ళు పచ్చగానే ఉన్నాయి. మలుపు దాటగానే ప్రతి ఇల్లూ ఎరుపు.

"పంకాలు ఎట్ల తిరుగుతున్నయ్?" అన్నాను.

"నిండుగ. లెక్కల ఎప్పుడూ తక్కువ రాలే."

"ఆ లెక్క ఎక్కడ తీస్తున్నరు?"

"పంకా మూతి కాడ."

"ఇండ్ల కాడ?"

మొగిలి తల అడ్డంగా ఊపి, మలుపు మీద వేలు పెట్టాడు. పంకాలు నిండుగా ఊదుతున్నాయి. ఇళ్ళకు చేరడం లేదు. మరి గాలి మలుపు దగ్గర ఎటో పోతోంది.

నమోదు 10

సమావేశం. ఇవాళే జరిగింది.

హాలు కిక్కిరిసింది. ముందు కొత్తబస్తీ తరఫున ఒకాయన లేచాడు. నమస్కారం లేదు, ఏమీ లేదు. "మాకు పంకా కావాలి. మా పిల్లలు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెప్పిందీ నిజమే.

నేను గోడ వెలిగించాను. మొదట పాత బొమ్మ, నల్లబాయి పచ్చగా. తర్వాత కొత్త బొమ్మ. హాలంతా కలకలం రేగింది.

కొత్తబస్తీ ఆయన మళ్ళీ లేచాడు. "ఇదేం న్యాయం? ఇన్నాళ్ళూ లేని కష్టం పంకా పోతుందనగానే పుట్టుకొచ్చిందా? చెత్తలో పారేసిన మాటలు ఏరుకొచ్చి గోడకు పూశారు. అంత కష్టం ఉంటే మొదట్లోనే చెప్పొచ్చు కదా?"

చాలామంది తలలూపారు. నేను జవాబు చెప్పబోతుంటే మేడమ్ చెయ్యి ఎత్తారు. "నల్లబాయి వాళ్ళు ఎవరైనా మాట్లాడుతరా?"

సారవ్వ లేచింది. మైకు దగ్గరికి నడిచేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. కాసేపు ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"అందరు మంచిగున్నరా? మేడమ్, మీ పానం ఇప్పుడెట్లున్నది?" తర్వాత కొత్తబస్తీ ఆయన వైపు తిరిగింది. "అన్నా, మీరు పైకెల్లి కొత్తగ దిగిండ్రంట. చీకటి అలవాటైందా? పిల్లలు ఎందరు? నీళ్ళు దొరుకుతున్నయా?" ఆయన తడబడి, ఇద్దరు పిల్లలని చెప్పాడు. సారవ్వ వాళ్ళ పేర్లు అడిగింది. చిన్నవాడికి దగ్గుందంటే మిరియాల కషాయం ఎలా కాయాలో చెప్పింది. హాల్లో కుర్చీలు కదలడం, విసుగ్గా సణగడం మొదలైంది. మాట్లాడే గడువు అయిపోయిందని గంట మోగింది.

మేడమ్ గంట మీద చెయ్యి పెట్టి ఆపేశారు. "కానీయుండ్రి సారవ్వా."

"అంతే మేడమ్. మీరందరు సల్లగుండాలె. ఉంట మరి." సారవ్వ దండం పెట్టి మైకు వదిలేసింది. తలుపు వైపు నడిచింది. ఎవరో లేవబోతే మేడమ్ కళ్ళతోనే కూర్చోబెట్టారు. హాలు మొత్తం ఆమె వీపునే చూస్తూ కూర్చుంది. అన్ని వాడల మనుషులూ నల్లబాయి మనిషి కోసం ఎదురుచూడడం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

తలుపు దగ్గర సారవ్వ ఆగింది. తలుపు రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఆఁ, మల్ల మర్సిపోత. నా బిడ్డకు ఊపిరి ఆడ్తలేదు."

కొత్తబస్తీ ఆయన మెల్లగా కూర్చుని, మళ్ళీ లేచి, "నాకు తెలియదమ్మా," అన్నాడు. "ఆ పంకా మాకు వద్దు."

అప్పుడు నేను మొగిలికి సైగ చేశాను. అతను గోడ మీద మలుపును పెద్దది చేసి చూపించాడు. పైన పచ్చ, కింద ఎరుపు, మధ్యలో గీత గీసినట్టు. "పంకా ఎవ్వలిదీ తియ్యాల్సిన పని లేదు," అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గాలి ఉన్నది. మనమే పారబోస్తున్నం. మలుపు కాడ తవ్వుండ్రి."

చేతులెత్తమని మేడమ్ అడగలేదు. అడగక్కర్లేకుండానే అన్ని చేతులూ లేచాయి, కొత్తబస్తీవి అందరికంటే ముందు.

నమోదు 11

మరమ్మతు వాళ్ళతో మొగిలీ, నేనూ పాత లిఫ్టు మలుపుకు వెళ్ళాం. కొత్తబస్తీ ఆయన కూడా పలుగు భుజాన వేసుకుని వచ్చాడు. గొట్టం వెనక గోడ తవ్వేసరికి చల్లటి గాలి మొహాన కొట్టింది. గొట్టం అతుకు ఊడిపోయి ఉంది. దాని వెనక ఎప్పుడో మూసేసిన బొగ్గు బాట. నల్లబాయి గాలి సగానికి పైగా మనిషన్నవాడు లేని ఆ బాటలోకి పోతోంది. లోపల గబ్బిలాలు హాయిగా వేలాడుతున్నాయి.

"ఊటీల ఉన్నయ్ దొంగ ముండలు," అన్నాడు మొగిలి పళ్ళు కొరుకుతూ. అందరం పగలబడి నవ్వాం. కొత్తబస్తీ ఆయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అతుకు వేశారు. పంకాల వాళ్ళు లెక్క చూశారు, ఈసారి ఇళ్ళ దగ్గరే. నల్లబాయికి కావలసిందంతా చేరినా ఇంకా గాలి మిగులుతోంది. అదే మలుపు నుంచి ఒక పిల్ల గొట్టం కొత్తబస్తీకి లాగడానికి మేడమ్ అక్కడికక్కడే ఆనతిచ్చారు. పంకా ఒక్కటి కూడా కదల్లేదు.

నేను మెట్లన్నీ దిగి నల్లబాయికి వెళ్ళాను. సంతోషాన్ని గోడ మీద చూస్తే నాకు సరిపోదు. సందు మొదట్లోనే చప్పుడు వినిపించింది. ఇంటింటి గాలిమూతికి కట్టిన గుడ్డలు టపటప కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్ళు ఇళ్ళలోంచి బయటికొచ్చి కొంగులు ఎగురుతుంటే చూసుకుని మురిసిపోతున్నారు. ఒక ముసలాయన గాలిమూతి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు, అన్నం తింటున్నట్టు. నన్ను చూసి ఎవరూ ఎట్లున్నవని అడగలేదు. నా చేతులు పట్టుకుని ఊపారు, అంతే.

సారవ్వ గడపలో ఉంది. చాప ఖాళీగా ఉంది. నేను అడిగేలోగా సందు ఆ చివర నుంచి ఏదో దూసుకొచ్చింది. నన్ను రాసుకుంటూ పోయి, మళ్ళీ తిరిగి, ఇంకోసారి దూసుకుపోయింది. జమున. జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా, గొంతు చించుకుని అరుస్తూ పరుగు.

"ఉరుకకే పోరీ! పడ్తవ్! ఎన్నిసార్లు చెప్పాలె నీకు!" సారవ్వ గట్టిగా తిట్టింది.

తిట్టి, ఆగిపోయింది. నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లను లేవమని బతిమాలిన మనిషి. చేత్తో నోరు మూసుకుని గడప మీదే కూలబడి, ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చోలేదు. చెప్పులు విప్పి పారేసి జమున వెనక పరుగెత్తాను.